మారెక్క వడ్డించిన మధ్యాహ్నం

మారెక్క పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను మా పాప బడి బ్యాగు సర్దుతున్నాను. పొద్దున ఏడున్నర. వంటగట్టు మీద మూడు డబ్బాలు మూతలు తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో పదకొండు గంటలకు తినాల్సిన పండ్ల ముక్కలు, ఇంకోదాంట్లో మధ్యాహ్నం అన్నం, మూడోదాంట్లో సాయంత్రం ఆటలయ్యాక నోట్లో వేసుకోవడానికి చిక్కీ ముక్కలు. ఏ రోజు ఏం పంపాలో బడివాళ్ళే కాగితం మీద అచ్చువేసి ఇస్తారు. అది ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంటుంది. "అక్కా, మారెక్క సచ్చిపోయిండాది. మధ్యాన్నానికే మట్టి చేస్తారంట" అన్నాడు తమ్ముడు. నేనున్న ఊరి నుంచి మా పల్లెకు చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకోలేనురా అన్నాను. "నేను పోతాండాలే. ఇద్దరి తరఫునా పోతాండా" అని పెట్టేశాడు. పాప ఆటో ఎక్కి వెళ్ళిపోయాక వంటగట్టు దగ్గరే కూర్చుండిపోయాను.

మా పల్లె తనకల్లుకు పడమర, గుట్టల మధ్య. ఎర్రనేల, గులకరాళ్ళు, వానొస్తే వేరుశెనగ, రాకపోతే ఏమీ లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తమ్ముడు ఓబులేసుకు ఆరు. అది మా తాత పేరు. భర్త పేరు నోటితో పలకకూడదు కనుక మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, వాణ్ణి ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. "మాయప్పా" అనేది, లేదంటే "ఏమప్పా పెద్దాయనా" అనేది. ఆరేళ్ళవాడు చెడ్డీ ఎగలాక్కుంటూ, పిలిచిన పెద్దరికానికి తగ్గట్టు నడుం మీద చేయి వేసుకుని నిలబడేవాడు.

మా బడిసంచులు యూరియా సంచులు. ఎరువు ఖాళీ అయ్యాక అమ్మ వాటిని రెండు మూడుసార్లు ఉతికి, బండ మీద ఎండేసేది. నాయన వాటిని కొలతకు కత్తిరించి, దబ్బనంతో, పురికొసతో కుట్టేవాడు. భుజానికి తగిలించుకునే పట్టీకి పాత పంచె అంచు. ఎన్నిసార్లు ఉతికినా ఆ సంచికి ఘాటైన ఎరువు వాసన ఒకటి ఉండేది; వానాకాలం తడి తగిలితే ఇంకా ఎక్కువయ్యేది. పుస్తకాలకూ, పలకకూ, చివరికి నా జడకు కూడా ఆ వాసన పట్టేది. సంచి మీద అచ్చేసిన ఆకుపచ్చ అక్షరాలు నా వీపు మీద తలకిందులుగా ఉండేవి. నాయన కావాలనే అట్లా కుట్టాడనీ, అక్షరాలు నిటారుగా ఉంటే దారిన పోయేవాళ్ళు చదువుతారని అమ్మ అన్నదనీ చాన్నాళ్ళ తర్వాత తెలిసింది. పదిహేనెకరాల రైతు పిల్లలు ఎరువు సంచి మోసుకుపోతున్నారని ఎవరూ చదవకూడదు. ఊళ్ళో సగంమంది పిల్లలు మోసేది అదే సంచి. అయినా మా ఇంట్లో ప్రతిదానికీ ఇట్లాంటి జాగ్రత్త ఒకటి ఉండేది.

మధ్యాహ్నానికి స్టీలు డబ్బా. పొద్దున్నే అమ్మ రాగి సంగటి కెలికేది. పొయ్యి ముందు కూర్చుని, కుండను రెండు కాళ్ళ మధ్య అదుముకుని, తెడ్డుతో తిప్పుతుంటే ఆమె మెడ నరాలు ఉబ్బేవి. తడిచేత్తో రెండు ముద్దలు కట్టి డబ్బాలో పెట్టి, ఒక్కో ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, ఆ గుంటలో చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, నింపేది. బడిలో డబ్బా తెరిస్తే సంగటి చల్లారి నున్నగా, పైన సన్నని పొర కట్టి ఉండేది. ఆ పొరను గిల్లి తినడం తమ్ముడికి ఇష్టం. నా ముద్ద మీది పొర కూడా వాడికే ఇచ్చేదాన్ని.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైంది. బడి వెనక రేకులు కప్పి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేశారు. వండడానికి మారెక్క వచ్చింది. ఎస్సీ కాలనీ ఆమె. నలుపు, పొడుగు, పెద్ద గొంతు. మొగుడు లేడు. వంట మొదలుపెట్టకముందే నీళ్ళబిందె మోసుకొస్తూ, "యార్రా ఈపొద్దు రానోళ్ళు? రానోని పాలు బువ్వ నేనే తింటా" అని అరిచేది. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. పలకలు పక్కన పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం తినే తట్టలు ముందేసుకుని అందరూ వరుసగా కూర్చుంటే, వేడన్నం మీద పప్పుచారు పోసుకుంటూ పోయేది. ఆ పప్పుచారు తిరగమాత వాసన రెండు గదుల బడిని దాటి రోడ్డు దాకా వచ్చేది.

మేము ఆ వరుసలో కూర్చోలేదు. ఊళ్ళో నాలుగైదు ఇండ్ల పిల్లలం వేపచెట్టు కింద విడిగా కూర్చుని మా డబ్బాలు తెరుచుకునేవాళ్ళం. జేజి మొదటిరోజే చెప్పింది. "ఆమె చేతి కూడు తిని ఈ గడప తొక్కొద్దు. మన ఇంట్లో రాగులు లేకుండా పోలేదు." అమ్మ మా డబ్బాలు కడగడానికి తీసింది. నాయన పంచె దులుపుకుని చేనికి పోయాడు. మారెక్క మావైపు ఎప్పుడూ చూసేది కాదు. చూడకుండానే మేమెంతమందిమి కూర్చున్నామో ఆమెకు తెలుసు.

తర్వాత వరుసగా వానలు మొగం చాటేశాయి. రాగులు లేకుండా కూడా పోయాయి. పదిహేనెకరాలు ఉందని మాకు తెల్లకార్డు రాలేదు కనుక రేషను బియ్యం లేవు. ఆ పదిహేనెకరాల్లో గడ్డి కూడా మొలవలేదు. గేదెను కొన్నవాళ్ళు తోలుకుపోయినరోజు తమ్ముడు రోడ్డు దాకా దాని వెంట నడిచాడు. ఇంట్లో మూలనున్న రాగుల కుండలో చేయి పెడితే మొదట మోచేతి దాకా దిగేది, తర్వాత భుజం దాకా. తర్వాత అమ్మ ఆ కుండలోకి మమ్మల్ని చేయి పెట్టనివ్వలేదు. ముద్ద రెండు నుంచి ఒకటైంది, ఒకటి సగమైంది. నాయన, "నేను చేన్లో తింటాలే" అని ఖాళీచేతులతో పోయేవాడు. చేన్లో ఏముందని నేను అడగలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళ ఆకలి కనపడదు.

ఒకరోజు అమ్మ డబ్బా చేతికిస్తే తేలిగ్గా ఉంది. మూత తీయబోతే నా చేయి పట్టుకుంది. "ఈడ తీయొద్దు మా. ఆడ కూడా పూర్తిగా తెరవొద్దు. రొంత తెరిచి, తిన్నట్ల చెయ్యి. తమ్మునికి బెల్లముక్క పెట్టినా, వాన్ని తిననీ." ఆమె ముఖం నాకు గుర్తుంది. కోప్పడుతున్నట్టుగా ఉంది. డబ్బా లేకుండా పంపొచ్చు కదా అని నాకప్పుడు అనిపించలేదు. డబ్బా లేకుండా పోతే వేపచెట్టు కింద కూర్చున్నవాళ్ళు చూస్తారు, ఊరికి తెలుస్తుంది. ఆ తర్వాత చాలా రోజులు మేము మూత సగం తెరిచి, తలలు వంచి, వేళ్ళు నోటికి పోనిచ్చుకుంటూ కూర్చున్నాం. పక్కవాళ్ళ డబ్బాల్లో ఏముందో నేనూ చూడలేదు. వాళ్ళూ తలలు వంచుకునే ఉండేవాళ్ళు.

ఆ రోజుల్లోనే వంటమనిషిని మార్చాలని ఊళ్ళో ఒక కాగితం రాశారు. పెద్ద ఇండ్లవాళ్ళు ఒక్కొక్కరే సంతకాలు చేశారు. నాయన మాట ఊళ్ళో చెల్లేది కనుక ఆయన సంతకం కావాలన్నారు. ఆ కాగితం మా ఇంట్లో గోడ గూట్లో, అద్దం వెనక ఉండేది. "చేస్తివా?" అని జేజి అడిగేది. "చూద్దాంలే మా" అనేవాడు నాయన. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

బడి తెరిచి పది పదిహేను రోజులైనా విత్తడానికి సరిపడా వాన పడి నేల పదునెక్కలేదు. ప్రభుత్వం ఇచ్చిన విత్తనపు వేరుశెనగ కాయల మూటలు మాత్రం ఇంట్లో ఉన్నాయి. సాయంత్రాలు అందరం వసారాలో కూర్చుని వాటిని ఒలిచేవాళ్ళం. నాకు గుర్తున్నంతలో ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని చేసిన పని అదొక్కటే. కాయల మీద నీళ్ళు చిలకరించి, పొట్టు మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కి రెండుగా చీల్చాలి. గింజ పగలకూడదు, పగిలితే మొలవదు. కాసేపటికి గోళ్ళ కింద మంట పుట్టేది. జేజి కాళ్ళు చాపుకుని, కండ్లు సరిగ్గా కనపడకపోయినా అందరికంటే వేగంగా ఒలిచేది. ఒక నియమం ఉండేది: గింజ ఎవరూ నోట్లో వేసుకోకూడదు. "అది తినేది కాదు, బతికేది" అనేది జేజి. ఎవరి దవడ కదిలినా చెవితో కనిపెట్టేది.

తమ్ముడు నోట్లో వేసుకోలేదు. చెడ్డీ జేబులో వేసుకున్నాడు. మరునాడు బడికి పోయే దారిలో నాకు చూపించాడు, ఒక పిడికెడు. తప్పురా అన్నాను. వాడు నా ముఖం చూసి సగం నా చేతిలో పోశాడు. తిన్నాను. మూడు రోజులు అట్లా తిన్నాం. ఇంట్లో చెప్పాల్సిన అక్కను నేనే. చెప్పలేదు.

నాలుగోరోజు తెల్లవారుజామున వాన పడింది. నేల పదునెక్కింది. ఇంట్లో ఒకటే హడావుడి. నాయన టార్పాలిన్ పరిచి, విత్తనాలు పోసి, పురుగు పట్టకుండా మందుపొడి చల్లి, చేతులతో కలుపుతున్నాడు. గింజలన్నిటికీ పసుపుపచ్చని పొడి పట్టింది. "దగ్గరికి రావొద్దండి, విషం" అని మమ్మల్ని అరుగు మీదికి తోలాడు. ఆ రోజు అమ్మ డబ్బాలు కట్టలేదు. పొయ్యే వెలిగించలేదు. "ఈపొద్దు విత్తు. పని ఐపోనీ మా, సాయంత్రం ఏదో ఒకటి చేస్తా" అని విత్తనాలు ఒడిలో కట్టుకుని పోయింది. మేము డబ్బాలు లేకుండా బడికి పోయాం.

మధ్యాహ్నం గంట కొట్టారు. డబ్బా లేకుండా వేపచెట్టు కిందికి పోవడానికి సిగ్గేసి నేను తరగతి గదిలోనే ఉండిపోయాను. తమ్ముడు ఎక్కడున్నాడో చూడలేదు. వంటరేకుల వైపు నుంచి మారెక్క కేక వినపడింది. ఆమె పిల్లల్ని అదిలించే కేక అది కాదు. పరుగెత్తుకుంటూ పోయాను.

గోడ చాటున తమ్ముడు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో యూరియా సంచి. సంచి అడుగున పలక కింద పొడి పట్టిన విత్తనాలు; పొద్దున టార్పాలిన్ మీంచి ఎప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు. వాడి పెదాల చుట్టూ, వేళ్ళ మీద పసుపు. మారెక్క వాడి మెడ వెనక చేయి వేసి తల వంచి, వేలు నోట్లోకి పోనిచ్చి నమిలిన పిప్పిని గీరి గీరి బయటికి లాగుతోంది. వాడు గిలగిల్లాడుతున్నాడు, ఆమె వేలు కొరుకుతున్నాడు. "కొరుకు రా, కొరుకు. మింగొద్దు అంతే. మింగితివా? ఎన్ని మింగితివి?" వాడు ఏడుస్తూ తల అడ్డంగా ఊపాడు. ఆమె చెంబెడు నీళ్ళు వాడి నోట్లో పోసి ఉమ్మించింది, మళ్ళీ పోసింది, మళ్ళీ ఉమ్మించింది. ముఖం కడిగి, చేతులు సబ్బుతో రుద్ది, నా వైపు తిరిగింది. "ఏం మే, అట్లే నిలబడితివే? మీ నాయన యాడుండాడు?"

"చేన్లో."

"ఉరుకు!"

బడి వెనకున్న చిన్న వాగు దాటితే మా చేనే. నాయన విత్తే గొర్రు తోలుతున్నాడు. అమ్మ విత్తనాలు తేవడానికి ఇంటికి పోయినట్టుంది, ఆయన ఒక్కడే ఉన్నాడు. "తమ్ముడు విత్తనాలు తిన్నాడు" అని మాత్రం అనగలిగాను. ఆయన ఎద్దుల్ని అట్లాగే వదిలేసి పరుగెత్తాడు. నేను వెనకపడ్డాను. నేను చేరేసరికి పిల్లలు తినడం ఆపారు. పెద్దసారు గది గడపలో నిలబడిపోయి ఉన్నారు. తమ్ముడు మారెక్క పక్కన కూర్చుని, ఆమె సొంత తట్టలో అన్నం తింటున్నాడు. ఆబగా, తల ఎత్తకుండా, రెండు చేతులతో.

మారెక్క లేచి నిలబడింది. గరిటె చేతిలోనే ఉంది. అంత పెద్ద గొంతు మనిషి మెల్లగా మాట్లాడింది. "మింగలేదు సామీ. రెండు మూడు గింజలు నమిలిండె, అంతా తీసేసినా. నోరు కడిగినా. ఆకలి అని ఏడిస్తే రొంత బువ్వ పెట్టినా. నేనే పెట్టినా. పిల్లోని తప్పు లేదు."

నాయన తమ్ముడి ముందు గొంతుక్కూర్చుని వాడి గడ్డం ఎత్తి కండ్లలోకి చూశాడు. నాలుక చాపమన్నాడు. నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. సంచి దగ్గరికి లాక్కుని అడుగున చేయి పెట్టాడు. ఆ గింజల్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు, నన్ను. "మూడు దినాలు. నేను కూడా తిన్నా నాయనా" అన్నాను. కొడతాడనుకున్నాను. ఆయన లేచి ఆ గింజల్ని పంచె కొంగున కట్టుకున్నాడు. ఆ తర్వాత వరుస చివర, ఐదో తరగతి పిల్లల పక్కన, మఠం వేసుకుని కూర్చున్నాడు.

"నాకూ రొంత పెట్టు మారెక్కా" అన్నాడు.

ఆమె కదల్లేదు. పెద్దసారు గొంతు సవరించుకున్నారు. వేపచెట్టు కింద కూర్చున్న పిల్లలు లేచి చూస్తున్నారు. మారెక్క గరిటె కింద పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ముందు చేతులు కడుక్కో సామీ. మందు చేతులు" అంది. ఆయన రెండు చేతులూ చాచాడు. ఆమె పోసింది. మా ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆమె చేతి నీళ్ళు పట్టడం అదే మొదలు. ఆయన మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఆమె అన్నం వడ్డించి పప్పుచారు పోసింది. ఆయన తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టింది. నన్ను పక్కన కూర్చోమన్నాడు. నేనూ తిన్నాను. వేడి అన్నానికి వేళ్ళు కాలాయి.

సాయంత్రం మేము ఇంటికి చేరేలోపే సంగతి చేరింది. జేజి వాకిట్లో నీళ్ళబిందె పెట్టుకుని నిలబడి ఉంది. "ముగ్గురూ తలకు పోసుకొని లోపలికి రాండి" అంది. "తాగేదానికే నీళ్ళు లేవు మా. తిన్న బువ్వను కడుక్కునేదానికి యాడ తెచ్చేది?" అన్నాడు నాయన. "మీ నాయన పేరు పెట్టుకున్న బిడ్డరా వాడు" అంది జేజి. నాయన కొంగు విప్పి ఆ గింజలు అరుగు మీద పోశాడు. "ఆ పేరు పెట్టుకున్న బిడ్డ ఈ విషం నమిలినాడు, ఆకలికి. ఆమె వేలు పెట్టి తీసింది. రేపట్నుంచి ఇద్దురూ ఆడే తింటారు." అమ్మ గుమ్మంలో కూలబడి తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. జేజి ఆ గింజల్ని చేత్తో తడిమి చూసింది. లోపలికి పోయింది.

ఆమె చాలా నెలలు నాయనతో మాట్లాడలేదు. తన ముద్ద తానే వండుకునేది. మారెక్క ఎదురుపడితే చివరిదాకా ముఖం తిప్పుకునే పోయింది. కానీ రోజూ సాయంత్రం మేము ఇంటికొచ్చి సంచులు దించగానే గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, తిరక్కుండానే, "ఏమప్పా పెద్దాయనా, ఈపొద్దు ఏం పెట్టిరి?" అని అడిగేది. తమ్ముడు చెప్పేవాడు. "కడుపు నిండా పెట్టెనా?" అని అడిగేది. నిండా పెట్టెను అంటే, ఊ అనేది.

కాగితం మీద నాయన సంతకం చేయలేదు. చేసినవాళ్ళు చేశారు. పెద్దసారు దాన్ని పైకి పంపలేదని తర్వాత విన్నాను. వేపచెట్టు కిందివాళ్ళు ఒక్కొక్కరే వరుసలోకి వచ్చారు. ఒక ఇంటి పిల్లలు మాత్రం నేను ఐదు పూర్తిచేసే దాకా డబ్బాలు తెచ్చుకుంటూనే ఉన్నారు. ఆ ఏడు విత్తిన చేను మొలిచింది, పూత పట్టింది, కాయ పట్టడానికి ఊడలు దిగే వేళకు వాన లేక నిలువునా ఎండింది. మా ఇద్దరికీ కడుపు నిండిన పూట బడిలో మధ్యాహ్నం ఒక్కటే. ఆదివారాలంటే మాకు ఇష్టముండేది కాదు.

మా పాప డబ్బా చాలా రోజులు సగం తిని ఇంటికొస్తుంది. బాగలేదంటుంది, టైం చాలలేదంటుంది. నేను కోప్పడతాను, కానీ ఈ కథ చెప్పి కోప్పడను. ఒకసారి చెప్పబోయి ఆగిపోయాను. దాని అన్నంలో దానికి తెలియని ఆకలిని కలిపి తినిపించడం ఏం న్యాయం అనిపించింది. దానికి బరువు లేని బ్యాగు ఇవ్వాలని, మూత పూర్తిగా తెరుచుకుని తినే డబ్బా ఇవ్వాలనే కదా మేమంతా చదువుకున్నది. అది అన్నం పారేస్తే మాత్రం చూడలేను. అది నా బాధ, దానిది కాదు.

నాయన ఆ రోజు చేసిన పనిని నేను చాలా ఏళ్ళు గొప్పగా తలచుకున్నాను. స్నేహితులకు చెప్పాను. కాలేజీలో వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాను. డిగ్రీలో చేర్చడానికి ఆయన నన్ను అనంతపురం తీసుకుపోతున్నప్పుడు, బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. కదిరి దాటాక అడిగాను. "నాయనా, ఆపొద్దు బడిలో అందరి ముందర కూర్చుని తింటివే, అంత ధైర్యం నీకు యాడ్నించి వచ్చింది?"

ఆయన కిటికీలోంచి బీడు చేలను చూస్తున్నాడు. నావైపు తిరక్కుండా చెప్పాడు.

"ధైర్యం కాదు మా. ఆకలి. రెండు దినాలైండె నేను తిని. పిల్లోడు విత్తనాలు తిన్యాడని నువ్వు చెప్తే గుండె పగిలేతట్ల ఉరికినా. బడి గోడ తిరిగినా. వాడు బతికుండాడా లేడా అని చూసేదానికంటే ముందు నాకు ఆ బువ్వ వాసన తగిలె. నోట్లో నీళ్ళూరె." ఆగాడు. "అది యాడ చెప్పుకునేది?"